పదకొండు చెట్ల బూడిద

పోయిన వారం షాపు లైసెన్సు పని మీద ఒక ఆఫీసుకి వెళ్ళాను. గుమ్మం పక్కన కొత్తగా ఒక ఆకుపచ్చ డబ్బా పెట్టారు. దాని మీద సెల్‌ఫోను బొమ్మ, చార్జరు బొమ్మ, కింద 'ఎలక్ట్రానిక్ వ్యర్థాలు ఇందులో వేయండి' అని పెద్ద అక్షరాలు. పైన ఒక చీలిక ఉంది. అందులో అరచెయ్యి పడుతుంది, అంతకంటే వెడల్పైనదేదీ పట్టదు. గుమాస్తా గారు భోజనానికి వెళ్ళారన్నారు. ఊరికే నిలబడలేక డబ్బా మూత ఎత్తి చూశాను. లోపల నాలుగు టీ కప్పులు, ఎవరో తాగి, మూత ఎత్తి గొట్టంతో సహా పడేసిన ఒక కొబ్బరి బొండాం ఉన్నాయి.

మామూలుగా అయితే నాకు ఒళ్ళు మండాలి. ఇలాంటివి చూస్తే ఎవరో ఒకరి మీద నోరు పారేసుకుంటే గాని ఇంటికి రాను. ఆ రోజు మాత్రం అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను. ఆ డబ్బా కోసం ఒక మనిషి మూడేళ్ళు ఎదురు చూశారు. ఆయన పోయిన రెండు నెలలకి అది వచ్చింది. ఉండి ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసు. తువ్వాలు నడుముకి బిగించి, చెయ్యి లోపలికి పెట్టి, ఆ బొండాం తీసి అవతల పారేసి, డబ్బా తుడిచి, గుమాస్తా గారు వచ్చాక చేతులు కట్టుకుని "ఇదేనాండీ, ఇందులోనేనాండీ వెయ్యాలి?" అని అడిగేవారు. ఆయన వెయ్యాల్సినవి ఇందులో పట్టవని చెప్పడానికి ఎవరికీ మనసొప్పేది కాదు.

ఆయన్ని మా వీధుల్లో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఉల్లిపాయలాయన అనేవారు. నేను బాబాయ్ గారూ అనేవాణ్ణి, చుట్టరికం ఏమీ లేకపోయినా. నేను ముప్పై ఏళ్ళుగా రాజోలులో టీవీలు బాగుచేస్తున్నాను. ఇప్పుడు టీవీలు ఎవరూ బాగుచేయించరు కనక సెల్‌ఫోన్లు, చార్జర్లు, ఇన్వర్టర్లు, ఏది తెస్తే అది. బాగుచేసేవాడినని పేరే గాని, వచ్చినవాటిలో సగానికి చావు కబురు చెప్పడమే నా పని. అలా పోయినవాటిని తీసుకెళ్ళేది ఆయన.

వారానికి రెండుసార్లు మూడు చక్రాల రిక్షా తొక్కుకుంటూ వచ్చేవారు. ముందు వైపు గోనెసంచిలో ఉల్లిపాయలు, వెనక జనం ఇచ్చిన పాత సామాను. ఇనప ముక్కకైనా, విరిగిన బకెట్‌కైనా, కాలిపోయిన మిక్సీకైనా ఆయన ఇచ్చేది ఉల్లిపాయలే. ఇప్పుడొచ్చేవాళ్ళు మైకులో రికార్డు వేసుకుని ఊరు ఊరంతా చెవులు చిల్లులు పొడుస్తున్నారు. ఆయన గొంతెత్తేవారు కాదు. షాపు ముందు రిక్షా ఆపి, చెప్పులు విడిచి, మెట్టు మీద ఒక కాలు పెట్టి మెల్లిగా అడిగేవారు.

"పోయినవేవన్నా ఉన్నాయాండీ అబ్బాయిగారూ?"

మా ఆవిడ రీచార్జీల బల్ల దగ్గర కూర్చుని ఉండేది. ఆ మాటకి ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చేది. "బోణీ వేళ ఆ మాటేవిటండీ బాబాయ్ గారూ! పాతవి ఉన్నాయా అని అడగలేరా?" అనేది.

"ఆయ్, తప్పేనండి అమ్మాయిగారూ" అని చెంపలేసుకునేవారు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అదే మాట.

సెల్‌ఫోను చేతికిస్తే సంచిలో వేసేముందు ఒకసారి చెవి దగ్గర పెట్టుకునేవారు. తెర పగిలి, బ్యాటరీ ఉబ్బిపోయి, లోపల చీమలు పెట్టిన ఫోనైనా సరే. "ఏవంటున్నారు బాబాయ్ గారూ అవతలివాళ్ళు?" అని నేను ఆటపట్టించేవాణ్ణి. "ఎవరూ లేరండి" అనేవారు గంభీరంగా. ఆయన హాస్యానికే అలా చేసేవారో, నిజంగానే వినేవారో ఇన్నేళ్ళలో నాకు అంతుపట్టలేదు.

మనిషి పొడుగు. కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగి ఉండేది. ఈ పాత సామాను వ్యాపారానికి ముందు ఆయన కొబ్బరికాయలు ఒలిచేవారు. నేలలో నిలబెట్టిన గునపం మీద కాయ గుచ్చి, భుజం బరువంతా వేసి, ఒక తిప్పు తిప్పితే డొక్క ఊడి వచ్చెయ్యాలి. మోకాళ్ళు సహకరించడం మానేశాక రిక్షా ఎక్కారు గాని ఆ భుజం మాత్రం మళ్ళీ పైకి లేవలేదు.

ఆయన గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఇంకొకటి ఉంది. ఆఖరి మూడేళ్ళూ ఆయన ఎవరింట్లోనూ బొండాం తాగలేదు. మా కోనసీమలో ఎండన పడొచ్చిన మనిషికి బొండాం కొట్టి ఇవ్వకపోతే ఇంటావిడకి తల కొట్టేసినట్టుంటుంది. ఇస్తే పుచ్చుకోకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆయన ప్రతిచోటా ఒకే మాట చెప్పేవారు. "వద్దండి, ఇప్పుడే తాగొచ్చేను." పెదాలు ఎండిపోయి ఉండేవి. తువ్వాలుతో మూతి తుడుచుకుని మళ్ళీ తొక్కుకుంటూ పోయేవారు. పోనుపోను పొగరెక్కిందన్నారు కొందరు. నేనూ అనుకున్నాను.

ఎందుకో చెప్పాలంటే బూడిద సంగతి చెప్పాలి.

కోనసీమలో పుట్టినవాడికి బూడిద కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎక్కడి బూడిదైనా తెచ్చి కొబ్బరిచెట్టు పాదులో పొయ్యాల్సిందే. ఉప్పూ బూడిదా పడితే పిందె నిలుస్తుందని మా నాన్నగారు అనేవారు, వాళ్ళ నాన్నగారూ అని ఉంటారు. బాబాయ్ గారు ఆ రోజుల్లో కాలవగట్టు మీద కొబ్బరి డొక్కలు పేర్చి, వాటి మీద కరెంటు తీగలూ, నా షాపులోంచి తీసుకెళ్ళిన టీవీల, ఫోన్ల లోపలి బోర్డులూ వేసి తగలబెట్టేవారు. పైనున్న ప్లాస్టిక్కంతా కాలిపోతే లోపలి రాగి చేతికొస్తుంది. అందరూ చేసేది అదే. నల్లటి పొగ కొబ్బరాకుల మధ్య చాలాసేపు అలాగే వేలాడేది. చల్లారాక రాగి ఏరుకోగా మిగిలిన బూడిదని పారెయ్యడానికి ఆయనకి చెయ్యి రాదు. బుట్టకెత్తి, తనకి పాత సామాను ఇచ్చిన ఇళ్ళకి ఊరికే పట్టుకెళ్ళి ఇచ్చేవారు. ఉల్లిపాయలు బేరానికి, బూడిద మర్యాదకి.

మా ఆవిడ అడిగి మరీ వేయించుకుంది, నూతి పక్కనున్న చెట్టుకి. "ఇంత మెత్తని బూడిద మన పొయ్యిలో రాదండీ" అని మురిసిపోయింది. ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. ఆ బోర్డుల మీద మెరిసే టంకంలో సీసం ఉంటుందని, అది లోపలికి పోకూడదని నేను పని నేర్చుకున్న మొదటి రోజే నా గురువు చెప్పాడు. అయినా ఆ బుట్ట మా పాదులో కుమ్మరిస్తుంటే అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ చూశాను. కాలిపోయిందంటే పోయిందనుకున్నాను. తెలిసినవాడి తెలివి అంతవరకే పనిచేసింది.

తరవాత కొన్నాళ్ళకి మెకానిక్కుల్నీ, పాత సామాను కొనేవాళ్ళనీ అమలాపురంలో ఒక కల్యాణ మంటపానికి పిలిచారు. ఎలక్ట్రానిక్ చెత్త మీద అవగాహన సదస్సు. భోజనం పెడతారన్నారు కనక జనం బాగానే వచ్చారు. బాబాయ్ గారిని నేనే స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్ళాను. ఒక మేడమ్ గారు తెర మీద బొమ్మలు చూపించారు. ఎక్కడెక్కడి దేశాలో. గుట్టలు గుట్టలుగా కంప్యూటర్లు, మంటలు, ఆ మంటల పక్కనే కూరగాయలమ్ముకునే ఆడవాళ్ళు. బాబాయ్ గారు నా మోచెయ్యి పట్టుకుని "ఆ పొగ మన పొగలాగే ఉందండి" అన్నారు. కాల్చకూడదు, ఆ బూడిద విషం, మట్టిలో కలిస్తే పోదు, నీళ్ళలో కలిస్తే ఆగదు, అని ఆవిడ చక్కటి తెలుగులో, ఓపిగ్గా చెప్పారు. ఆవిడ్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగితే అందరూ వంటశాల వైపు చూస్తున్నారు. బాబాయ్ గారు లేచి నిలబడ్డారు.

"మరి ఇదివరకు కాల్చేసిన బూడిద ఏం చెయ్యాలండి?"

ఆవిడ "అది నిపుణులు తీసుకెళ్ళాలండి. త్వరలో సేకరణ కేంద్రం పెడతారు" అన్నారు.

"త్వరలో అంటే ఎప్పుడండి?"

"త్వరలోనే. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకుండా జాగ్రత్త చెయ్యండి."

"ఆయ్" అని కూర్చున్నారు. ఆ మాట ఆవిడ ఎంత తేలిగ్గా అన్నారో, ఆయన అంత బరువుగా తీసుకున్నారు. పులిహోర పొట్లం ఒళ్ళో పెట్టుకుని విప్పకుండా అలాగే ఉండిపోయారు. తిరిగొస్తూ ఏటిగట్టు ఎక్కాక "పదకొండండీ అబ్బాయిగారూ" అన్నారు.

"ఏవిటి బాబాయ్ గారూ?"

"చెట్లండి."

ఆ రోజు నుంచి ఆయన ఒక్క తీగ కాల్చలేదు. పాత గునపం మళ్ళీ నేలలో పాతి, దాని మొనకి తీగ ఆనించి, కొబ్బరికాయ ఒలిచినట్టే భుజం వేసి లాగి ఒలిచేవారు. లావు తీగలు లొంగేవి. సన్నవాటితో వేళ్ళు తెగేవి. బోర్డులు అసలు ముట్టుకోకుండా ఒక మూల పేర్చారు. తోటి వ్యాపారస్తులు పగలబడి నవ్వారు. వాళ్ళు ఒక్క మంటలో ముగించే పనికి ఈయనకి వారం పట్టేది.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున్న ఇంటికి పాత మోటారేదో తీసుకెళ్ళడానికి వచ్చారు. మా ఆవిడ నూతి గట్టు మీద కూర్చుని బొండాం తాగుతోంది. ఆయన రిక్షా దిగి అలాగే నిలబడిపోయారు.

"అమ్మాయిగారూ, ఆ బొండాం ఏ చెట్టుదండీ?"

"ఈ చెట్టుదే బాబాయ్ గారూ. కిడ్నీల్లో రాళ్ళున్నాయి కదా, రోజూ తాగమన్నారు డాక్టరు గారు. మీకూ ఒకటి కొట్టమంటారా?"

ఆయన నేల మీద కూర్చుండిపోయారు. ఎండ దెబ్బ అనుకున్నాం. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుని నీళ్ళలోకి చూశారు గాని తాగలేదు. మర్నాడు తెల్లవారేసరికి పార, గోనెసంచి పట్టుకుని గుమ్మంలో ఉన్నారు.

"మీ పాదు ఒకసారి తవ్వుకోనిస్తారాండీ అబ్బాయిగారూ?"

"దేనికి?"

"నా బూడిద నేను తీసుకుపోతానండి."

నేను నవ్వాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. పడీపడీ నవ్వాను. "మట్టిలో కలిసిపోయింది బాబాయ్ గారూ. వేళ్ళలోంచి ఎక్కి, మాను దాటి, అంత ఎత్తునున్న బొండాం నీళ్ళలోకి వస్తుందంటారా?"

"వస్తుందో రాదో నాకు తెలీదండి. మీకు తెలుసాండీ?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"మరింకేవండి" అని పాదులోకి దిగారు.

మధ్యాహ్నం దాకా తవ్వారు. పారతో పైపైన గీరి, వేళ్ళ దగ్గరకొచ్చేసరికి పార పక్కన పెట్టి చేతి వేళ్ళతో తీశారు. నల్లగా ఉన్న మట్టి ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా. తీసినచోట గోదావరి లంక నుంచి రిక్షాలో తెచ్చిన కొత్త ఒండ్రు నింపారు. సంచి మూతి కుట్టేశాక నన్ను పిలిచారు. నా బల్ల మీద ఉండే నల్ల మార్కరు పెన్ను తెమ్మన్నారు.

"దీని మీద మీ ఇంటి పేరు రాయండి. ఏ ఇంటి చెట్టుదో తెలియాలి కదండీ. రేపు ఆ నిపుణులొచ్చి అడిగితే చెప్పాలి."

ఆయనకి చదవడం కూడబలుక్కుంటే వచ్చేది, రాయడం రాదు. నేను సరదాకి పెళ్ళి శుభలేఖ మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో, ఇంటి పేరుతో సహా 'ఫలానా వారి నూతి పక్క చెట్టు' అని రాశాను. ఆయన దూరంగా జరిగి చూసుకుని "బాగుందండి" అన్నారు.

మిగిలిన పది చెట్లకీ రెండేళ్ళు పట్టింది. తవ్వకానికి కాదు, ఒప్పించడానికి. మా వీధి చివర పెద్దింటావిడ అని ఉన్నారు, మంచి మనిషే, నోరు మాత్రం ధారాళం. "ఇచ్చిన బూడిద వెనక్కి అడుగుతున్నారు, రేపొచ్చి ఉల్లిపాయలు కూడా అడుగుతారేవిటండీ?" అన్నారావిడ వీధంతా వినపడేలా. ఆయన మెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి "ఆయ్, ఉల్లిపాయలు అడగనండి" అన్నారు. ఎనిమిది నెలలపాటు వారం వారం ఆ మెట్టు కింద అలా నిలబడ్డారు. ఎవరింట్లో బొండాం ఇచ్చినా ఇప్పుడే తాగొచ్చేనన్నది ఆ రోజుల్లోనే. ఎవరి చెట్టుదో అడిగితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందేమోనని అందరి దగ్గరా మానేశారు. అది నాకు చెప్పి నవ్వుకున్నారు కూడా. ఆయన నవ్వగా చూసింది చాలా తక్కువ.

పదకొండు బస్తాల మీదా రాసింది నేనే. షాపు ముందు రిక్షా ఆపి "రాయండి అబ్బాయిగారూ" అంటే చాలు, మార్కరు తీసేవాణ్ణి. ఆ బస్తాలన్నీ ఆయన ఇంట్లో పెట్టుకున్నారు. ఇల్లంటే ఏటిగట్టుకి లోపలి వైపు, నదికి దగ్గరగా ఒకే ఒక గది. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. కూతురూ అల్లుడూ గట్టుకి ఇవతల ఊళ్ళో ఉంటారు. ఒకసారి వెళ్ళి చూశాను. గోడ వారన చెక్కల మీద బస్తాలు, వాటి పైన బోర్డుల కట్టలు, వాటికి చెయ్యెడు దూరంలో ఆయన మంచం. ఆ సదస్సులో ఇచ్చిన కాయితం ప్లాస్టిక్ కవరులో పెట్టి మేకుకి తగిలించి ఉంది.

"వీటి పక్కన పడుకుంటున్నారేవిటండీ?" అంటే "ఎవరూ ముట్టుకోకుండా చూడమన్నారు కదండీ" అన్నారు.

సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవారు. మొదటి అర్జీ నేనే రాసిపెట్టాను. సేకరణ కేంద్రం ఇంకా రాలేదన్నారు. తరవాత, బోర్డులైతే తీసుకునేవాళ్ళు ఎప్పటికైనా వస్తారు గాని మట్టి ఎలక్ట్రానిక్ వ్యర్థం కిందకి రాదన్నారు. మట్టి సంగతి చూసే ఆఫీసు వేరే ఉందన్నారు. ఆ వేరే ఆఫీసువాళ్ళు, ఇది ఎలక్ట్రానిక్ వ్యర్థంలోంచి వచ్చిన మట్టి కనక మాది కాదన్నారు. ఆయన ఇది నాకు చెప్పినప్పుడు ఎవరి మీదా కోపం లేదు, మనిషి నిజంగా ఆలోచనలో పడి ఉన్నారు. "ఇద్దరూ చెప్పింది సబబుగానే ఉందండి. మరి ఇది ఎవరిదండి?" అని అడిగారు. కొనండి కొనండి అని చెప్పడానికి గోడకో మనిషి, ఫోనుకో మనిషి. పోయాక తీసుకెళ్ళండయ్యా అంటే ఒక్కడు పలకడు. నా దగ్గర పాడైనది వదిలి వెళ్ళినవాళ్ళెవరూ అది ఏమవుతుందని ఈ ముప్పై ఏళ్ళలో నన్ను అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు.

ఇక నేను తప్పించుకోలేని చోటికి వచ్చాను.

పోయిన వానాకాలం గోదావరికి పెద్ద నీళ్ళొస్తున్నాయని టీవీలో చెప్పడం మొదలెట్టారు. గట్టు లోపలివాళ్ళు సామాను సర్దుకుంటున్నారు. పొద్దున్నే షాపు తీస్తుంటే బాబాయ్ గారు వచ్చారు. రిక్షాలో రెండు బస్తాలు. వానకి తడవకుండా వాటి మీద కప్పింది ఆయన దుప్పటి.

"మీ షాపులో అటక ఉంది కదండీ. వరద తీసేదాకా, ఇవి అక్కడ..."

అటక మీద చోటు ఉంది. ఖాళీ అట్టపెట్టెలు తీసి కింద పడేస్తే పదకొండూ పడతాయి. ఆ పొద్దున్న షాపు నిండా జనం, కరెంటు పోతుందని ఇన్వర్టర్లు పట్టుకుని మీదపడుతున్నారు. మా ఆవిడ "విషమంటున్నారు, మనం రోజంతా కూర్చునే చోట నెత్తి మీదా?" అంది మెల్లిగా. ఆవిడ మీదకి నెట్టను. ఆవిడ అనకపోయినా నేను అదే అనేవాణ్ణి.

"రేపు చూద్దాం బాబాయ్ గారూ" అన్నాను.

ఆయన అటక వైపు ఒకసారి చూశారు. "ఆయ్, అలాగేనండి" అని రిక్షా వెనక్కి తిప్పుకున్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం బాగుండేది.

రేపటికి నీళ్ళు గట్టు మొదట్లోకి వచ్చేశాయి. గట్టు మీద టార్పాలిన్ పట్టా కట్టుకుని అందరితోపాటు ఆయనా ఉన్నారట. తన మంచం మీద ఇటుకలు పేర్చి, ఇటుకల మీద చెక్కలు వేసి, బస్తాలన్నీ దానిమీదకి ఎక్కించారట. మోకాళ్ళు సహకరించని మనిషి, ఒక్కరే. నీళ్ళు బస్తాల దాకా వచ్చాయేమోనని రోజూ ఛాతీలోతు నీళ్ళలో దిగి వెళ్ళి చూసి వచ్చేవారని కూతురు చెప్పింది. ఒక్క బస్తా తడవలేదు. ఆయన అనుకున్నట్టే ఒక్క గుప్పెడు కూడా గోదాట్లో కలవలేదు. వరద తీసేసరికి ఆయనకి జ్వరం. పదిరోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు. నేను చూడటానికి వెళ్ళిన రోజు మాట లేదు. మొహమ్మీద మొహం పెట్టి "అటక ఖాళీ చేయించాను బాబాయ్ గారూ" అన్నాను. అది అబద్ధం. విన్నారో లేదో తెలియదు.

పెద్దకర్మ రోజున మేమిద్దరం వెళ్ళాం. కూతురింటి ముందు పందిరి వేశారు. దడి మీద గోనెసంచులు ఉతికి ఆరేసి ఉన్నాయి. ముందు పట్టించుకోలేదు. ఒకదాని మీద నా అక్షరాలు కనిపించాయి. ఉతికినా మార్కరు పోలేదు. లెక్కపెట్టాను. పదకొండు.

అల్లుడు కొబ్బరి దింపు పని చేసే మనిషి, నెమ్మదస్తుడు. నా దగ్గరకొచ్చి చేతులు జోడించాడు.

"మావయ్య గారి దగ్గర ఇంకొకరి సొత్తు ఉండిపోకూడదు కదండీ. పెద్దకర్మ లోపల ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యాలనుకున్నామండి. బస్తాల మీద పేర్లున్నాయి, చదివించుకున్నాం. ఎంత బాగా రాసేరోనండి, అచ్చు గుద్దినట్టుంది. ఎవరి మట్టి వాళ్ళ చెట్టు పాదులో పోసేసేమండి. ఆ వానలకి పాదులన్నీ కోసుకుపోయేయి కదా, అందరూ సంతోషించేరండి."

"మాది?" అన్నాను.

"మీదే ఆఖరుదండి. పొద్దున్నే పోసొచ్చేను. మీరు షాపుకి వెళ్ళేరంట, తాళం వేసుంది. అయినా పాదు సరిచేసి నాలుగు బిందెలు నీళ్ళు కూడా పెట్టేనండి."

ఆ మనిషి మొహంలో బరువు దించుకున్న తేట కనిపిస్తోంది. మూడేళ్ళ కష్టాన్ని మూడు రోజుల్లో, ఒళ్ళు దాచుకోకుండా, పుణ్యానికి, చెట్టు చెట్టుకీ తిరిగి అప్పజెప్పి వచ్చాడు. ఏ చెట్టుదో తప్పు పోకుండా దారి చూపించింది నా దస్తూరీ. ఆ బూడిద సంగతి మామగారు తనకి ఎప్పుడూ చెప్పలేదట. చేసిన తప్పు పిల్లలకి చెప్పుకోవడం ఆయనకి చేతకాలేదు. నేనైనా అప్పుడు చెప్పాలి. పందిట్లో, విస్తళ్ళు వేస్తున్న వేళ, ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

"మంచి పని చేశారు" అన్నాను.

మర్నాడు మా పాదు నేనే తవ్వాను. నాలుగు బిందెల నీళ్ళతో నల్లది చాలా కిందికి దిగిపోయింది. ఆయన వేళ్ళతో తీసినంత నేను పారతో కూడా తియ్యలేకపోయాను. సంచి కుట్టి షాపుకి తెస్తే మా ఆవిడ మాట్లాడకుండా అటకెక్కి అట్టపెట్టెలు కిందకి పడేసింది. పదకొండింటికి సరిపడా చోటు చేసింది. ఒకటే ఉంది అక్కడ. రోజంతా దాని కింద కూర్చుని ఫోన్లు బాగుచేస్తున్నాను. మిగిలిన ఇళ్ళకి వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూ రెండు నెలలు గడిపేశాను. వెళ్ళి ఏమని చెప్పను? తీసి ఎక్కడ పెడతానని చెప్పను?

ఆ ఆకుపచ్చ డబ్బా చూసి వచ్చిన మర్నాడు ఇంక ఉండబట్టలేక, పారా సంచీ స్కూటరుకి కట్టుకుని పెద్దింటావిడ దగ్గరకి వెళ్ళాను. మొత్తం చెప్పాను. టంకం, సీసం, పొగ, సదస్సు, బస్తాలు, అల్లుడు, ఏదీ దాచకుండా. ఆవిడ చేట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నారు.

"ఆయనొచ్చి పోసేరు, ఆయనే తవ్వేరు. అల్లుడొచ్చి మళ్ళీ పోసేడు. ఇప్పుడు మీరొచ్చి తవ్వుతానంటున్నారు. చెట్టా అండీ, ఆటబొమ్మా అది? వేళ్ళు కదిలిపోతే మానెత్తు చెట్టు ఎండిపోతుంది" అన్నారు. "పోనీ, తీసింది ఎక్కడ వేస్తారండీ?"

"మా అటక మీద."

"తరవాత?"

నేను స్కూటరు మీది సంచి వైపు చూశాను. ఆవిడ కోప్పడలేదు, పైగా జాలిపడ్డారు. లోపలికెళ్ళి కత్తి తెచ్చి, వసారాలో ఉన్న గెలలోంచి ఒక బొండాం తీసి, రెండు వేట్లలో చెక్కి నా చేతికిచ్చారు.

"ఎండన పడొచ్చేరు, ముందిది పుచ్చుకోండి. ఈ చెట్టుదేనండి. పాపం, ఆయన బూడిద పడ్డ దగ్గర్నుంచి చూడండి, ఎంత తియ్యగా కాస్తోందో."

చేతిలో చల్లగా ఉంది. అంచు దాకా నీళ్ళున్నాయి. నాలిక పిడచ కట్టుకుపోయి ఉంది.

"వద్దండి" అన్నాను. "ఇప్పుడే తాగొచ్చేను."

ఆవిడ నా మొహంలోకి వింతగా చూసి, కొట్టింది పారెయ్యడం ఎందుకని, నా చేతిలోంచి ఆ బొండాం తీసుకుని తనే తాగేశారు.